మార్కులు మూసిన తలుపు – శ్రీనివాస రామానుజన్ జీవితం

పదవ తరగతి, ప్లస్ టూ ఫలితాలు వెలువడే రోజులలో ఏ పాఠశాల ఆవరణలోనైనా వినవచ్చే ప్రశ్నలు రెండే. ఈ మార్కులతో మా బిడ్డకు ఏ కళాశాలలో స్థానం లభిస్తుంది? ఆ చదువుతో రేపు ఏ ఉద్యోగం దొరుకుతుంది? తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్నలే ఇవి. మార్కులు ముఖ్యం కావని చెప్పి వారిని ఓదార్చడం ఉపాధ్యాయులకు తగదు. మార్కులే సర్వస్వమని చెప్పి బిడ్డలను భయపెట్టడం అంతకంటె తగదు. ఈ రెంటి నడుమ నిజమెక్కడున్నదో తెలుసుకొనడానికి మనం నివసిస్తున్న ఈ తమిళనాట జన్మించి, లోకమంతటికీ చెందిన ఒక మహా గణితవేత్త జీవితాన్ని ఈ ప్లాటినం జూబిలీ సందర్భంగా స్మరించుకొనడం సముచితమని భావిస్తున్నాను.

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడ్‌లో మాతామహుల ఇంట జన్మించారు. పెరిగినది కావేరీ తీరాన గల కుంభకోణంలో, సారంగపాణి సన్నిధి వీధిలోని చిన్న ఇంటిలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఆయనకు నెలకు సుమారు ఇరువది రూపాయలు వచ్చేవి. తల్లి కోమలతమ్మాళ్ ఆలయంలో భజనలు పాడి ఐదో పదో రూపాయలు సంపాదించేవారు. అటువంటి కుటుంబంలో పిల్లవాని చదువుకు ఆధారం ధనం కాదు, ప్రతిభ ఒక్కటే. ఆ ప్రతిభను అధికారులు గుర్తించగలిగిన మార్గం పరీక్ష ఒక్కటే.

ఆ మార్గం మొదట ఆయనకు అనుకూలంగానే నడిచింది. 1897 నవంబరులో జరిగిన ప్రాథమిక పరీక్షలో రామానుజన్ తంజావూరు జిల్లాకే ప్రథముడుగా నిలిచారు. తత్ఫలితంగా కుంభకోణం టౌన్ హైస్కూలులో సగం జీతానికే చదువుకొనే సౌకర్యం లభించింది. ఇరువది రూపాయలతో ఇల్లు గడుపుకొనే గుమాస్తాకు కుమారుని బడి జీతం సగం తగ్గడమంటే ఎంతటి ఊరటయో నేటి తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. పదేళ్ళ బాలుడు తెచ్చిన మార్కులు ఇంటికి పెట్టుబడిగా మారాయి.

హైస్కూలులో చదువుతున్న కాలంలోనే ఆయన లోనీ రచించిన త్రికోణమితి గ్రంథాన్ని స్వయంగా అభ్యసించి ముగించారు. 1903 ప్రాంతంలో జి.ఎస్. కార్ అనే ఆంగ్లేయుడు సంకలనం చేసిన గణిత సూత్ర సంగ్రహం ఆయన చేతికి వచ్చింది. కేంబ్రిడ్జి పరీక్షలకు తయారయ్యే విద్యార్థుల కోసం వేలాది సూత్రాలను వరుసగా పేర్చిన పుస్తకమది. ఉపపత్తులు దానిలో చాలా స్వల్పం. మరొక విద్యార్థి దానిని కంఠస్థం చేసి ఉండేవాడు. రామానుజన్ ఒక్కొక్క సూత్రానికీ ఉపపత్తిని తానే నిర్మించుకొంటూ, దానిని దాటి క్రొత్త సూత్రాలను కనుగొనసాగారు. ఆ పుస్తకం ఆయనకు గురువైంది. ఆయన జీవితమంతా వెంటాడిన ఒక లోపానికి కూడా అదే మూలమైంది. ఫలితాన్ని వ్రాసి, దాని నిరూపణను వ్రాయకుండా విడిచిపెట్టే అలవాటు అక్కడ నుండి వచ్చినదే.

1903 డిసెంబరులో మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన ఉత్తీర్ణులైనారు. 1904లో పాఠశాల బహుమతి ప్రదానోత్సవంలో గణితానికి గాను రంగనాథరావు బహుమతిని అందజేస్తూ, ప్రధానోపాధ్యాయులు కృష్ణస్వామి అయ్యర్ ఈ విద్యార్థికి నూటికి నూరు కంటె ఎక్కువ ఇవ్వవలసి ఉన్నదని సభాముఖంగా ప్రశంసించారు. ఇంగ్లీషులోను, గణితంలోను చూపిన సామర్థ్యానికి సుబ్రహ్మణ్యం ఉపకార వేతనం లభించింది. దానితో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరారు. ఆ ఎఫ్.ఏ. నేటి ప్లస్ టూ వంటిది. పట్టభద్రులు కాగోరే వారందరూ దాటవలసిన కడప అది. ఇంతవరకు ప్రతి మార్కూ ఒక తలుపును తెరచింది.

తరువాతి సంవత్సరం ఒకే ఒక తలుపు మూసుకొన్నది. కళాశాలలో రామానుజన్ మనస్సు పూర్తిగా గణితానికే అంకితమైంది. చరిత్ర తరగతిలో కూర్చున్నా, శరీరధర్మ శాస్త్రం వింటున్నా ఆయన కాగితం మీద సూత్రాలే ఉండేవి. సంవత్సరాంతాన ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పారు. ఏ ఇంగ్లీషుకు ఉపకార వేతనం వచ్చినదో ఆ ఇంగ్లీషు వలననే అది రద్దయింది. తల్లి స్వయంగా వెళ్ళి ప్రిన్సిపాల్‌ను అర్థించారు. గణితంలో తన కుమారునికి సాటి లేరని ఆమె వాదించారు. ఆయన మర్యాదగానే విన్నారు గాని, నియమాన్ని సడలించలేదు. ఆ నియమంలో అన్యాయమేమీ లేదు. అది అందరికీ ఒకటే. అయితే ఒక విద్యార్థికి గణితంలో ఏమి తెలుసునో, ఇంగ్లీషులో ఎందుకు తప్పాడో విడదీసి చూడగల కన్ను ఆ నియమానికి లేదు.

జీతం చెల్లించే శక్తి లేదు, చెల్లించినా పరీక్ష దాటుతామన్న ధైర్యం లేదు. 1905 ఆగస్టులో, పదిహేడేళ్ళ వయస్సులో, రామానుజన్ ఇంటిలో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్టణం చేరారు. కుమారుడు కనబడలేదని తల్లిదండ్రులు పత్రికలో ప్రకటన వేయించుకొనవలసి వచ్చింది. మన తెలుగు నేలతో ఆయనకు కలిగిన తొలి పరిచయం ఇటువంటి దుఃఖ సమయంలోనిది. కొంతకాలానికి ఆయన క్షేమంగా ఇల్లు చేరారు. ఫలితాల దినాలలో బిడ్డ ముఖం వాడి ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఈ ఘట్టాన్ని తలచుకొనవలెనని నా మనవి. లోకం మేధావిగా కొలిచే వ్యక్తి కూడ ఆ వయస్సులో ఒక పరీక్ష తప్పినందుకు ఇంటికి ముఖం చూపలేకపోయినారు.

1906లో మద్రాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో చేరి మరల ప్రయత్నించారు. అక్కడి గణితాచార్యులు సింగారవేలు మొదలియార్ ఆయన ప్రతిభను గుర్తించి, కఠినమైన సమస్యలను ఆయనతో కూర్చుండి సాధించేవారు. అనారోగ్యం మధ్యలో చదువుకు భంగం కలిగించింది. ఆ సంవత్సరం డిసెంబరులో ఎఫ్.ఏ. పరీక్ష వ్రాసి తప్పారు. గణితం ఆయనకు సమస్య కాలేదు; శరీరధర్మ శాస్త్రం వంటి ఇతర విషయాలు పడగొట్టాయి. 1907 డిసెంబరులో ప్రైవేటుగా వ్రాసి మరల తప్పారు. ఒక్క విషయంలో తప్పినా మొత్తం పరీక్ష తప్పినట్లే లెక్కించే రోజులవి. దానితో కళాశాల విద్య అంతమైంది. పట్టం లేదు, పట్టం లేనివానికి పరిశోధన లేదు, ఉపాధ్యాయ పదవి లేదు.

తరువాతి సంవత్సరాలు పేదరికంలో గడిచాయి. 1909 జూలైలో జానకి అమ్మాళ్‌తో వివాహమైంది. సంసార భారం మీద పడినది. పిల్లలకు ట్యూషన్లు చెప్పబోతే, పాఠ్యాంశాన్ని విడిచి తనకు తోచిన మార్గాన పోయే ఆ బోధన పరీక్షకు పనికిరాదని విద్యార్థులు నిలిచేవారు కారు. కాగితం కొనలేక పలక మీద లెక్కలు చేసి, మోచేతితో తుడిచివేసి, తేలిన ఫలితాన్ని మాత్రమే నోటు పుస్తకంలో ఎక్కించేవారు. ఆ నోటు పుస్తకాలే ఆయనకు మిగిలిన ఆస్తి, ఆయనకున్న ఏకైక యోగ్యతా పత్రం. అయితే ఆ పత్రాన్ని చదువగలిగిన వారు దేశంలో ఎందరున్నారు?

1910లో ఆయన ఆ పుస్తకాలను చంకన పెట్టుకొని తిరుక్కోవిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్‌ను దర్శించారు. 1907లో భారత గణిత సంఘాన్ని స్థాపించినవారాయన. రామానుజన్ కోరినది ఒక గుమాస్తా ఉద్యోగం. పుస్తకాలు తిరగవేసిన రామస్వామి అయ్యర్ ఇటువంటివానిని రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగానికి కట్టివేయడం పాపమని తలచి, మద్రాసులోని గణితవేత్తలకు పరిచయ లేఖ ఇచ్చి పంపించారు. కుంభకోణంలో రామానుజన్‌కు పాఠం చెప్పిన పి.వి. శేషు అయ్యర్ అప్పుడు మద్రాసులో ఉన్నారు. ఆయన నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారి వద్దకు దారి చూపారు. రామచంద్రరావుగారు మొదట నమ్మలేదు. ఒకటి రెండు సమావేశాలు జరిగిన తరువాత, తమకు అర్థమయ్యే మెట్టు నుండి అర్థం కాని మెట్టుకు ఈ యువకుడు క్రమంగా తీసుకొనిపోవడం చూచి ఆశ్చర్యపోయినారు. ఏమి కావాలని అడిగితే, ఆకలి చింత లేకుండా గణితం చేసుకొనే తీరిక చాలునని రామానుజన్ తెలిపారు. ఆ నెల్లూరు కలెక్టరు దాదాపు ఒక సంవత్సరం పాటు తమ స్వంత ధనం నెలకు ఇరువదియైదు రూపాయల చొప్పున ఇచ్చి పోషించారు. 1911లో బెర్నూలీ సంఖ్యలపై రామానుజన్ తొలి పరిశోధన వ్యాసం భారత గణిత సంఘ పత్రికలో ప్రకటితమైంది.

ఈ నడుమ ఉపకార వేతనం కోసం జరిగిన ప్రయత్నాలు ఫలించలేదు. ఒకరి ధనంపై చిరకాలం బ్రతకడం రామానుజన్‌కు ఇష్టం లేకపోయింది. 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకొన్నారు. తాను మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడననీ, ఎఫ్.ఏ. వరకు చదివి కొన్ని ప్రతికూల పరిస్థితుల వలన ముందుకు సాగలేకపోయితిననీ, ఆ తరువాత కాలమంతా గణితానికే వినియోగించితిననీ అందులో వినయంగా తెలిపారు. మార్చి 1వ తేదీన నెలకు ముప్పది రూపాయల జీతం మీద చేరారు. ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. కళాశాలలో తప్పిన తరువాత కూడ ఆయనను ఆకలి నుండి కాపాడిన ఉద్యోగానికి ఆయన చూపగలిగిన పరీక్షాయోగ్యత హైస్కూలు చదువు చివర సంపాదించిన మెట్రిక్యులేషన్ ఒక్కటే. హైస్కూలు మార్కుల విలువ ఎనిమిదేళ్ళ తరువాత కూడ నిలిచి ఉన్నది.

పోర్టు ట్రస్టులో పై అధికారి ఎస్. నారాయణ అయ్యర్ స్వయంగా గణితజ్ఞులు. అధ్యక్షులు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఇంజినీరు. వీరిరువురూ ఇచ్చిన ప్రోత్సాహంతో 1913 జనవరి 16వ తేదీన రామానుజన్ కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి లేఖ వ్రాశారు. అంతకు ముందు ఇద్దరు ఆంగ్ల గణితాచార్యులకు వ్రాసిన లేఖలు ఫలించలేదు. హార్డీ తన సహచరుడు లిటిల్‌వుడ్‌తో కలిసి ఆ సూత్రాలను పరిశీలించి, వాటిని వ్రాసినవాడు అసాధారణ మేధావి అని నిర్ణయించారు.

అప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయం ముందు ఒక చిక్కు ఏర్పడింది. వాతావరణ శాఖ అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ వంటి పెద్దలు రామానుజన్‌కు పరిశోధన వేతనం ఇవ్వవలెనని సిఫారసు చేశారు. నిబంధనల ప్రకారం పట్టం లేనివానికి అది ఇవ్వరాదు. సిండికేటులో సభ్యులైన ఒక న్యాయమూర్తి విశ్వవిద్యాలయ చట్టంలో పరిశోధనను పెంపొందించుట ఒక ఆశయంగా పేర్కొనబడినదని గుర్తుచేశారు. 1913 మే 1 నుండి నెలకు డెబ్బదియైదు రూపాయల వేతనం మంజూరైంది. 1905లో కుంభకోణంలో నియమం మనిషిని చూడలేదు. 1913లో మద్రాసులో ఒక మనిషి నియమపు ఉద్దేశాన్ని చూచారు. ఈ రెండు సంఘటనల నడుమ రామానుజన్ యౌవనంలో ఎనిమిదేళ్ళు గడచిపోయాయి.

1914 మార్చి 17వ తేదీన ఆయన నెవాసా అనే ఓడలో ఇంగ్లండుకు బయలుదేరారు. కేంబ్రిడ్జిలో హార్డీ ఎదుర్కొన్న సమస్య విచిత్రమైనది. తన ఎదుట కూర్చున్న వ్యక్తికి ఎవ్వరికీ తెలియని విషయాలు తెలుసు. సామాన్య పట్టభద్రునికి తెలిసిన కొన్ని విషయాలు తెలియవు. అభాజ్య సంఖ్యలను గూర్చి రామానుజన్ లేఖలో తెలిపిన కొన్ని ఫలితాలు సరికావని తేలింది. సంకీర్ణ చలరాశుల ప్రమేయ సిద్ధాంతాన్ని ఆయనకు ఎవరూ బోధించి ఉండలేదు. ఐరోపాలో వంద సంవత్సరాల క్రితమే తెలిసిన ఎన్నో ఫలితాలను ఆయన కుంభకోణంలో ఒంటరిగా తిరిగి కనుగొనడంలో కాలం గడిచిపోయింది. రామానుజన్ విషయంలో నిజమైన విషాదం అకాలమరణం కంటె, ఆయన ఎదగవలసిన వయస్సు శిక్షణ లేక దారితప్పడమేనని హార్డీ తరువాతి కాలంలో అభిప్రాయపడ్డారు. పరీక్ష తప్పినా గొప్పవాడైనాడు కదా అని ఈ కథను చెప్పుకొనేవారు ఈ మాటను విస్మరించరాదు. తప్పినందువలన ఆయన గొప్పవాడు కాలేదు. తప్పినందువలన కోల్పోయినదానిని చివరివరకు పూర్తిగా పూడ్చుకొనలేకపోయినారు.

అయినను ఆయన సాధించినది అపారం. అధిక సంయుక్త సంఖ్యలపై చేసిన పరిశోధనకు 1916 మార్చిలో కేంబ్రిడ్జి పట్టం లభించింది. ఎఫ్.ఏ. దాటలేనివాడని మద్రాసులో ఆగిపోయిన విద్యార్థి పరిశోధన ద్వారా పట్టభద్రుడైనారు. హార్డీతో కలిసి సంఖ్యల విభజనలను లెక్కించే సూత్రాన్ని కనుగొన్నారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులుగాను, అదే సంవత్సరం అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలోగాను ఎన్నికైనారు. ట్రినిటీ ఫెలో అయిన తొలి భారతీయుడు ఆయనే. కాని యుద్ధకాలపు ఆహారపు కొరత, అలవాటు లేని చలి, శాకాహార నియమం, ఒంటరితనం ఆయన దేహాన్ని కృశింపజేశాయి. 1919లో స్వదేశానికి తిరిగి వచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన మద్రాసులో ముప్పదిరెండేళ్ళ వయస్సులో పరమపదించారు. చివరి రోజులలో వ్రాసిన కాగితాలు చాలాకాలం మరుగునపడి, 1976లో ట్రినిటీ గ్రంథాలయంలో బయటపడ్డాయి. వాటిపై గణితవేత్తలు నేటికీ కృషి చేస్తున్నారు. ఆయన జన్మదినమైన డిసెంబరు 22వ తేదీని భారత ప్రభుత్వం 2012లో జాతీయ గణిత దినంగా నిర్ణయించింది.

ఇప్పుడు మన బిడ్డల విషయానికి వద్దాం. తమిళనాట ఇంజినీరింగ్ ప్రవేశాలకు 2007 నుండి ప్లస్ టూ మార్కులే ఆధారం. గణితానికి నూరు, భౌతిక, రసాయన శాస్త్రాలకు ఏబదేసి చొప్పున రెండు వందలకు లెక్కిస్తారు. ఆ లెక్కలో భాషల మార్కులు చేరవు. అందువలన భాషాపాఠాలను తేలికగా చూచే విద్యార్థులు ఉన్నారు. కాని భాషలో తప్పినవానికి ప్లస్ టూ ఉత్తీర్ణత లేదు. వైద్య విద్యకు 2017 నుండి నీట్ పరీక్ష ప్రధానమైంది. రాష్ట్ర సర్వీస్ కమిషన్ నాలుగవ గ్రూపు ఉద్యోగాలకు పదవ తరగతి ఉత్తీర్ణత కనీసార్హత. 2021 డిసెంబరులో వచ్చిన ఉత్తర్వు వలన తమిళ అర్హత పరీక్ష కూడ తప్పనిసరి అయినది. ఇంటిలో తెలుగు, బడిలో తెలుగు పలికే మన పిల్లలకు తమిళం ఆ నాటి ఇంగ్లీషు వ్యాసరచన వంటిది. తెలుగును ప్రేమించడానికి తమిళాన్ని నిర్లక్ష్యం చేయనక్కరలేదు. ఇష్టమైన విషయానికి రోజంతా ఇచ్చే పిల్లవాడు ఇష్టం లేని విషయానికి ఒక గంట ఇస్తే, ఎనిమిదేళ్ళు నిలుపుకొన్నవాడౌతాడు.

తప్పిన వారికి రామానుజన్ కాలంలో లేని దారులు నేడున్నాయి. ఒక విషయంలో తప్పినవారు ఆ ఒక్కదానినే కొద్ది వారాలలో అనుబంధ పరీక్షగా వ్రాసుకొనవచ్చును. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేసినవారు ఇంజినీరింగ్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చును. ఫలితాలు వచ్చిన రోజున బిడ్డను మందలించే ముందు ఈ దారులను గూర్చి ఉపాధ్యాయులను అడిగి తెలుసుకొనడం మేలు. నోటు పుస్తకం చదువగలిగే పెద్దలు ఎదురుపడే వరకు రామానుజన్ వంటివారు వేచి ఉండగలిగారు. అటువంటి నోటు పుస్తకం లేని సామాన్య విద్యార్థికి ఆ దారులు చూపవలసినది మనమే.

ఈ సందర్భంలో పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. జూబిలీ వేళ బహుమతి నిధులు ఏర్పరచడం ఆనవాయితీ. అవి తరచుగా ప్రథమ స్థానం పొందినవారికే చెందుతాయి. వారికి చెందవలసినదే. వాటితోపాటు, ఒక విషయంలో వెనుకబడినంత మాత్రాన ఆగిపోని వేతనం ఒకటైనా ఏర్పడవలెను. తప్పిన విద్యార్థి ఆ విషయంలో తిరిగి నిలిచే వరకు ఒక సంవత్సరం గడువిచ్చి, ఆ విషయంలో ప్రత్యేక బోధన కల్పించే వేతనం కావలెను.

ఈ ఆలోచన నాది కాదు, ఒక విధంగా రామానుజన్‌దే. 1919 జనవరిలో ఇంగ్లండులో రోగశయ్యపై ఉండగా, మద్రాసు విశ్వవిద్యాలయం తనకు సంవత్సరానికి రెండు వందల ఏబది పౌనుల వేతనం మంజూరు చేసినదని తెలిసి ఆయన రిజిస్ట్రారుకు లేఖ వ్రాశారు. అంత ధనం తనకు అక్కరలేదనీ, ఇంగ్లండు ఖర్చులు తీరిన తరువాత ఏటా ఏబది పౌనులు తల్లిదండ్రులకు ఇచ్చి, తన అవసరాలు పోగా మిగిలిన దానిని పేద బాలురకు, అనాథలకు బడి జీతాలు తగ్గించడానికి, పాఠశాలలకు పుస్తకాలు సమకూర్చడానికి వంటి విద్యా కార్యాలకు వినియోగించవలెననీ కోరారు. సగం జీతంతో హైస్కూలు చదివి, ఉపకార వేతనం పోగొట్టుకొని కళాశాల విడిచిన మనిషి చేతికి ధనం వచ్చినప్పుడు మొదట తలచినది ఇతరుల పిల్లల బడి జీతాన్ని.